కాన్సరు కణమును మన శరీరమెట్లు గుర్తించును?

గత సంవత్సరము మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తల్లికి కాన్సరు వ్యాధి వచ్చినదని తెలిసెను. కొన్ని దినములకు మధ్యాహ్న భోజన సమయమున ఆ బాలిక ప్రక్కన కూర్చుండు పిల్లలు ఒక్కరొక్కరుగా దూరము జరిగిరి. కారణ మడుగగా ఒక చిన్నది, “దాని డబ్బాలో కూర తినొద్దని మా అమ్మ చెప్పిందండీ” అని బదులు పలికెను. అట్లు చెప్పిన తల్లి కఠినురాలు కాదు, ఆమె భయపడినది. మరికొన్నాళ్ళకు ఆ బాలికయే నా యొద్దకు వచ్చి, “మాస్టారూ, ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి ఉందని మీరే చెప్పారు కదండీ. మరి మా అమ్మ ఒళ్ళు దీంతో ఎందుకు పోరాడలేదు? మా అమ్మకు బలం లేకనా?” అని అడిగెను.

గంట కొట్టులోపల ముగింపదగిన సమాధానము నా యొద్ద లేకపోయెను. ఈ వ్యాసము ఆ బాలిక ప్రశ్నకును, ఆ తల్లి భయమునకును కలిపి వ్రాసిన సమాధానము. కాన్సరు పేరు మన యిండ్లకు క్రొత్తది కాదు. పరేలులో 1941లో వెలసిన టాటా స్మారక ఆసుపత్రికి చికిత్సకై వచ్చు బంధుమిత్రులు మన యిండ్లలో దిగుట ఎన్నడో ఒకనాడు మన మందరము చూచినదే. కావున ఈ విషయమును తల్లిదండ్రులు కొంత వివరముగా తెలిసికొనుట ఆవశ్యకము.

కాన్సరు అనగా నేమి?

మానవ శరీరము సుమారు 30 లక్షల కోట్ల జీవకణములతో నిర్మింపబడినది. చర్మము, ప్రేగుల లోపలి పొర, రక్తము మున్నగువానిలో పాత కణములు నశించుచు, వాని స్థానమున క్రొత్తవి నిత్యము పుట్టుచుండును. ఒక కణము రెండుగా చీలునప్పుడెల్ల దానిలోని జన్యులిపి యంతయు తిరిగి వ్రాయబడవలెను. మూడు వందల కోట్ల అక్షరములు గల ఒక గ్రంథమునకు నకలు వ్రాయుచున్నట్లు ఊహింపుడు. వ్రాయసకాడు ఎంత జాగరూకుడైనను తప్పులు దొర్లకపోవు. వానిలో పెక్కింటిని కణమే సరిదిద్దుకొనును. కొన్ని మాత్రము మిగిలిపోవును. వయస్సు పెరిగినకొలది ఇట్టి తప్పులు ప్రోగుపడుచుండును. పొగాకు, తీక్ష్ణమైన ఎండ, కొన్ని వైరస్ క్రిములు ఈ తప్పులను మరింత పెంచును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల గ్రామములలో కొందరు స్త్రీలు చుట్టను వెలిగించి, నిప్పు కొసను నోటిలోపల నుంచుకొని త్రాగు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ యందురు. ఇతరులలో మిక్కిలి అరుదుగా కనిపించు అంగిటి కాన్సరు వీరిలో హెచ్చుగా కనిపించుటకు ఈ అలవాటే కారణమని వైద్యులు నిర్ధారించిరి.

తప్పులు దొర్లినది కణవిభజనను అదుపులో నుంచు జన్యువులలోనే యైనచో, ఆ కణము ఆగవలసిన చోట ఆగదు. నశింపవలసిన కాలమున నశింపదు. అది పెరిగి, పొరుగు భాగములలో చొరబడి, రక్తము ద్వారా దూరావయవములకును ప్రాకును. మన పెద్దలు రాచపుండనియు, పుట్టకురుపనియు చెప్పుచుండినది పెక్కుసార్లు ఇదియే.

ఇందలి చిక్కు పాఠకులు గమనింపవలెను. కలరా క్రిమి గాని, క్షయ క్రిమి గాని వెలుపలినుండి వచ్చిన శత్రువు. కాన్సరు కణ మట్టిది కాదు. అది మన యింట పుట్టి, మన యన్నము తిని పెరిగి, దారి తప్పిన కణము. పరాయివానిని గుర్తుపట్టుట కావలివానికి సులభము. ఇంటివానిలో దొంగను గుర్తుపట్టుట కష్టము.

శరీరములోని కావలివారు

ఎముకల లోపలి మూలుగలో పుట్టు తెల్లకణములు మన శరీరమునకు కావలివారు. వీరిలో పలు తెగలవారు కలరు. భక్షక కణములు క్రిములను, చచ్చిన కణములను మ్రింగి శుభ్రము చేయును. బి-కణములు ప్రతిరక్షకములను మాంసకృత్తులను తయారుచేసి రక్తములోనికి విడుచును. ఇవి వైరస్ క్రిములకు అంటుకొని, వానిని కణములలో చొరనీయవు. మూడవ తెగ టి-కణములు. కాన్సరుతో జరుగు పోరాటమున ప్రధానపాత్ర వీనిదే.

టి-కణములకా పేరు థైమసు గ్రంథినుండి వచ్చినది. రొమ్ముటెముక వెనుక, గుండెకు పైభాగమున నుండు ఈ చిన్న గ్రంథికి ప్రయోజన మేమియు లేదని చిరకాలము తలంచిరి. 1961లో లండనులో జాక్ మిల్లరను శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన చుంచులనుండి దానిని తొలగించి చూడగా, ఆ చుంచులు సామాన్యమైన అంటురోగములకే లొంగిపోయెను. పరాయి చుంచు చర్మమును అతికించినను నిరాకరింపలేకపోయెను. రక్షకదళమునకు శిక్షణ నిచ్చు పాఠశాల థైమసే యని ఆ విధముగా తేలినది.

ఆ పాఠశాలలో పరీక్ష మిక్కిలి కఠినము. స్వంత శరీరకణములను చూచి మీదపడు స్వభావము గల టి-కణములు అక్కడనే నాశనము చేయబడును. శిక్షణకు చేరిన ప్రతి నూటిలో ఐదు కూడ ఉత్తీర్ణములై వెలుపలికి రావు. ఇంత కఠినమైన వడపోత లేనిచో కావలివారే యింటిమీద పడుదురు. ఐనను ఈ వడపోతవలననే మన సమస్య మరింత జటిల మగుచున్నది. స్వంత కణముల జోలికి పోరాదని నేర్చుకొన్న టి-కణము, స్వంత కణమే యైన కాన్సరును ఎట్లు గుర్తుపట్టును?

మచ్చు చూపు పద్ధతి

ధాన్యపు బజారునకు పోయినవారికి ఒక సంగతి తెలియును. కొనువాడు బస్తాలన్నిటిని విప్పి చూడడు. వర్తకుడు ప్రతి బస్తానుండి గుప్పెడు గింజలు తీసి మచ్చు చూపును. మచ్చు చూచినంతనే లోపలి సరకు ఎట్టిదో తెలిసిపోవును.

మన శరీరములోని కణములును సరిగా నిట్లే చేయుచున్నవి. కణము తనలో తయారగు మాంసకృత్తులను కొన్నింటిని ఎప్పటికప్పుడు చిన్న తునుకలుగా చేసి, ప్రత్యేకమైన పళ్ళెరములలో పెట్టి, తన వెలుపలి పొరమీద ప్రదర్శించును. ఒక్కొక్క తునుకలో సామాన్యముగా ఎనిమిది మొదలు పది వరకు అమైనో ఆమ్లములుండును. ఒక్కొక్క కణముమీద ఇట్టి మచ్చు పళ్ళెరములు లక్షకు మించి యుండవచ్చును. టి-కణములు శరీరమంతట సంచరించుచు ఈ మచ్చులను తడవి చూచుచుండును. మచ్చు ఎప్పటి సరకే యైనచో ముందునకు సాగిపోవును. క్రొత్త సరకు కనబడినచో నిలిచిపోవును. టి-కణము క్రిమిని నేరుగా చూడదనియు, స్వంత పళ్ళెరములో పెట్టిన తునుకనే చూచుననియు 1974లో ఆస్ట్రేలియా రాజధానియైన కాన్బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్ అనువారలు కనుగొనిరి. వారికి 1996లో నోబెల్ బహుమానము లభించినది.

కాన్సరు కణపు మచ్చులో భేదము మూడు విధములుగా రావచ్చును. మొదటిది: కాన్సరునకు వైరస్ కారణమైనచో, ఆ వైరస్ యొక్క మాంసకృత్తు తునుకలు మచ్చులో కనబడును. రెండవది: జన్యులిపిలో తప్పు దొర్లినప్పుడు, ఆ తప్పునుబట్టి తయారైన మాంసకృత్తును మారిపోవును; శరీరము మునుపెన్నడు నెరుగని తునుక పైకి వచ్చును. మూడవది: పిండదశలో గాని, బీజకణములలో గాని మాత్రమే పనిచేసి, తరువాత మూసివేయబడవలసిన జన్యువు కాన్సరు కణములో మరల తెరచుకొనును. మెలనోమా యను చర్మపు కాన్సరులో ఇట్టి జన్యువు నొకదానిని టి-కణములు గుర్తించుచున్నవని 1991లో బ్రస్సెల్సు నగరమున థియరీ బూన్ బృందమువారు నిరూపించిరి. మానవుని కాన్సరును టి-కణములు దేనివలన గుర్తుపట్టునో జన్యుస్థాయిలో తెలియుట అదియే మొదటిసారి.

దీనినుండి మరియొక విషయము బోధపడును. ఎండవలన వచ్చు మెలనోమా, పొగత్రాగుటవలన వచ్చు ఊపిరితిత్తుల కాన్సరు మున్నగువానిలో లిపిదోషములు వేలకొలది యుండును. కావున కావలివారికి కనబడు క్రొత్త మచ్చులును ఎక్కువ. చిన్నపిల్లలకు వచ్చు కాన్సరులలో దోషములు తక్కువ. కావున గుర్తుపట్టుటయు కష్టతరము. అన్ని కాన్సరులును ఒక్క తీరున శరీరమునకు కనబడవు.

వార్త చేరవేయుట, యుద్ధము సాగుట

కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట మనమెరుగుదుము. ఆ బిళ్ళయే లింఫు గ్రంథి. గాయము పాదమున నుండగా బిళ్ళ గజ్జలో కట్టుటకు కారణమేమి? పాదమునుండి వార్త అచ్చటికి చేరి, రక్షకదళము అచ్చట సమావేశమై వృద్ధి పొందుచుండుటయే.

ఈ వార్తాహరుల పేరు శాఖాకణములు. చెట్టుకొమ్మల వంటి చేతులు గల ఈ కణములను 1973లో న్యూయార్కులో రాల్ఫ్ స్టైన్మన్ కనుగొనెను. కాన్సరు గడ్డలో కొన్ని కణములు చచ్చుచుండును. శాఖాకణములు ఆ శకలములను ఏరుకొని, దగ్గరనున్న లింఫు గ్రంథికి ప్రయాణము చేసి, అచ్చట వేచియున్న టి-కణములకు మచ్చు చూపును. దేహములోని టి-కణములు వేలకోట్లు. ఒక్కొక్కటి ఒక్కొక్క విధమైన మచ్చునే గుర్తింపగలదు. వానిలో తగిన దానికి తగిన మచ్చు దొరకుటయే మొదటి మెట్టు. అది చాలదు. శాఖాకణము ‘అపాయము గలదు’ అను రెండవ సంకేతమును గూడ ఈయవలెను. తీర్పునకు ఇద్దరు సాక్షులు కావలెనన్నట్లు, రెండు సంకేతములును లభించిననే టి-కణము మేల్కొనును. ఒక్క సాక్ష్యమే దొరకినచో అది లేవకపోగా, మరింత మందగించును.

మేల్కొన్న టి-కణము కొద్దిదినములలోనే వేలకొలదిగా వృద్ధిచెంది, రక్తము ద్వారా గడ్డయున్న చోటికి చేరి, అదే మచ్చు చూపుచున్న కణమును పట్టుకొనును. పర్ఫోరిన్ అను మాంసకృత్తుతో దాని పొరలో రంధ్రము చేసి, గ్రాంజైములను ద్రవ్యములను లోపలికి పంపును. ఇవి లోపలికి చేరగానే కాన్సరు కణము తనంతతానే కూలిపోవు ఏర్పాటు ఆరంభ మగును. సంహారకుడు దానిని వదలి, మరియొకదానిని వెదకుకొనుచు పోవును. అంతేకాక ఇంటర్ఫెరాన్ గామా యను ద్రవ్యమును వెదజల్లి, చుట్టునున్న కణములన్నియు మరింత స్పష్టముగా మచ్చు చూపునట్లు చేయును. యుద్ధము ముగిసిన పిదప ఈ దళములో కొందరు జ్ఞాపకముంచుకొని సంవత్సరముల తరబడి శరీరములో నిలిచియుందురు.

కొన్ని కాన్సరు కణములు మరియొక ఎత్తు వేయును. మచ్చు చూపిననే గదా పట్టుబడుట, అసలు పళ్ళెరములే పెట్టకుండిన సరిపోవునని వానిని తొలగించివేయును. దీనికిని ప్రకృతి ప్రతిక్రియ నేర్పరచినది. సహజ సంహారక కణములను మరియొక తెగను 1975లో స్వీడనులోను, ఇతరత్రను కనుగొనిరి. మచ్చు చూపని బస్తాను అనుమానించు వర్తకునివలె, ఇవి పళ్ళెరములు లేని కణమును చూచి దానిని చంపును.

మరి కాన్సరు ఎందుకు వచ్చుచున్నది?

ఇక ఆ బాలిక అడిగిన ప్రశ్నకు వత్తము. శరీరమునకు ఇంతటి రక్షణ లేకున్నచో కాన్సరులు ఇంకను విరివిగా వచ్చియుండెడివని 1909లోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ ఊహించెను. అర్ధశతాబ్ది తరువాత లూయీ థామస్, మాక్ఫార్లేన్ బర్నెట్ అనువారు ఆ యూహనే విస్తరించి, రక్షకదళము నిత్యము పహరా తిరుగుచు కాన్సరు మొలకలను ఏరివేయుచున్నదని ప్రతిపాదించిరి. 1974లో థైమసు లేని చుంచులమీద చేసిన ప్రయోగములలో వానికి కాన్సరు అధికముగా రాకపోవుటచే ఈ సిద్ధాంతమునకు పెద్ద దెబ్బ తగిలెను. అట్టి చుంచులలో సహజ సంహారక కణములును, కొన్ని టి-కణములును మిగిలియుండునని అప్పటికి తెలియదు. 2001లో అమెరికాలో రాబర్ట్ ష్రైబర్ బృందమువారు టి-కణములు, బి-కణములు బొత్తిగా లేని చుంచులను పరిశీలించి, వానికి కాన్సరు అధికముగా వచ్చునని నిరూపించిరి.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఈ పోరాటమును మూడు ఘట్టములుగా చెప్పుచున్నారు. మొదటిది నిర్మూలనము: దారితప్పిన కణము మొలకలోనే చంపబడును, మనకు తెలియనైనను తెలియదు. రెండవది సమతౌల్యము: కొన్ని కణములు చావక మిగులును గాని, పెరుగనీయక కావలివారు వానిని సంవత్సరముల తరబడి అణచియుంచుదురు. మూడవది పలాయనము: అణచియున్న వానిలో ఒకటి క్రొత్త ఉపాయము గడించి తప్పించుకొనును. మనకు వ్యాధిగా కనబడునది ఈ మూడవ ఘట్టమే.

రెండవ ఘట్టమున కొక దృష్టాంతము 2003లో ప్రకటితమైనది. స్కాట్లండు దేశమున ఒకరు మెలనోమాకు శస్త్రచికిత్స పొంది, పూర్తిగా నయమైనట్లు భావింపబడిరి. 16 సంవత్సరముల పిదప, వారి మరణానంతరము, మూత్రపిండములు ఇద్దరు రోగులకు అమర్చబడెను. ఆ యిద్దరికిని మెలనోమా వచ్చెను, ఒకరు మరణించిరి. దాత శరీరములో పదునారేండ్లు అణగియున్న కణములు, ఆ యిద్దరిలో ఎట్లు విజృంభించెను? మార్చిన అవయవమును శరీరము నిరాకరింపకుండుటకై వారికి రక్షణశక్తిని తగ్గించు మందులిచ్చిరి. కావలి సడలినంతనే బందీలు బయటపడిరి.

పలాయనమునకు కాన్సరు అవలంబించు ఉపాయములు పెక్కు. గుర్తింపదగిన మచ్చు గల కణములు చచ్చిపోగా, అది లేని కణములే మిగిలి పెరుగును. కొన్ని టి-కణముల మీదనున్న నిరోధకములను నొక్కును. కొన్ని శాంతి నెలకొల్పుటకై యున్న నియంత్రక కణములను తమ చుట్టు చేర్చుకొని, వాని చాటున దాగును. ఈ నియంత్రక కణములను 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకాగుచి గుర్తించెను. ఈ విషయమున చేసిన కృషికి ఆయనకును, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్డెల్ అనువారలకును 2025లో నోబెల్ బహుమాన మీయబడినది.

కావున, అమ్మా, నీ ప్రశ్నకు సమాధాన మిది. మీ అమ్మ శరీరము పోరాడలేదని తలంపకుము. ఎన్నడో మొలకెత్తిన ఎన్నియో కణములను అది ఎవ్వరికి తెలియకుండ చంపియుండవచ్చును. తప్పించుకొన్నది ఒక్కటి. అది మీ అమ్మ బలహీనతవలన గాని, ఆమె చేసిన ఏదో దోషమువలన గాని వచ్చినదని చెప్పుట అన్యాయము. బలిష్ఠులైన వస్తాదులకును కాన్సరు వచ్చుచున్నది.

కావలివారికి సహాయము చేయు చికిత్సలు

న్యూయార్కు శస్త్రవైద్యుడు విలియం కోలీ ఆసుపత్రి దస్తరములను తిరుగవేయుచు ఒక వింత కనుగొనెను. మెడమీద కాన్సరు గడ్డ గల ఒక రోగికి విసర్పి రోగము తగిలి, తీవ్రమైన జ్వరము వచ్చి తగ్గగా, గడ్డయు మాయమయ్యెను. 1891 నుండి కోలీ కావలెనని ఆ క్రిములను, తరువాత చచ్చిన క్రిములను రోగులకు సూది ద్వారా ఎక్కించెను. కొందరికి నయమయ్యెను, కొందరికి ప్రమాదము కలిగెను. కారణ మెవ్వరికిని తెలియక ఆ పద్ధతి మూలబడినది. ఐనను దాని ఛాయ నేడును కలదు. మన పిల్లలకు పుట్టగానే క్షయ నివారణకై వేయు బి.సి.జి. టీకామందునే, మూత్రాశయపు పైపొరలో వచ్చు కాన్సరునకు నేరుగా మూత్రాశయములోనికి పంపి చికిత్స చేయుచున్నారు. దీనిని 1976లో కెనడాలో మొదట ప్రకటించిరి. ఆ మందు అచ్చటి కావలివారిని మేలుకొలుపును.

టి-కణములకు సైకిలునకువలె బ్రేకులు గలవు. మంట ఆరిన పిదపయు నీళ్ళు పోయుచుండిన ఇల్లే పాడగును గదా! అట్లు జరుగకుండుటకే ఈ ఏర్పాటు. వానిలో సి.టి.ఎల్.ఏ.-4 అను దానిని అడ్డుకొన్నచో చుంచులలో కాన్సరు గడ్డలు కరగునని అమెరికాలో జేమ్స్ అల్లిసన్ 1996లో ప్రకటించెను. పి.డి.-1 అను మరియొక బ్రేకును జపానులో తసుకు హోంజో బృందము 1992లో కనుగొనెను. కాన్సరు కణములు ఈ రెండవ బ్రేకునే నొక్కి తప్పించుకొనుచుండును. బ్రేకుమీదినుండి కాన్సరు చేతిని తొలగించు మందులు 2011 నుండి వాడుకలోనికి వచ్చినవి. 2018లో వారిరువురకు నోబెల్ బహుమాన మొసగబడెను. శరీరమంతట ప్రాకిన మెలనోమా గలవారికి ఈ రెండు విధముల మందులను కలిపి యిచ్చిన ఒక పరిశీలనలో, పది సంవత్సరముల పిదప నూటికి 43 మంది జీవించియుండిరని 2024లో ప్రకటించిరి. పూర్వము అట్టివారిలో పెక్కుమంది ఒక సంవత్సరముకూడ బ్రతుకుట కష్టము. కాని బ్రేకు వదలిన బండికి అపాయమును గలదు. కావలివారు ప్రేగులు, ఊపిరితిత్తులు, థైరాయిడు మున్నగువానిమీద పడవచ్చును. అన్ని కాన్సరులకు ఈ మందులు పనిచేయవు కూడ.

మరియొక చికిత్స రోగి రక్తమునుండి టి-కణములను వేరుచేసి, ప్రయోగశాలలో వానికి కాన్సరును గుర్తుపట్టు క్రొత్త గ్రాహకము నమర్చి, వృద్ధిచేసి, తిరిగి రోగికి ఎక్కించుట. దీనిని కార్-టి చికిత్స యందురు. బి-కణములలో పుట్టు కొన్ని రక్త కాన్సరులకు ఇది ఉపకరించుచున్నది. అమెరికాలో 2017లో అనుమతి పొందిన ఈ చికిత్స వెల కోట్ల రూపాయలు. మన నగరమందలి ఐ.ఐ.టి. బొంబాయి, టాటా స్మారక కేంద్రము కలిసి దీనిని స్వదేశములో రూపొందించినవి. 2023లో దానికి ప్రభుత్వానుమతి లభించినది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు పవాయిలో దానిని ప్రారంభించిరి. విదేశీ చికిత్సతో పోల్చిన దీని వెల సుమారు పదవ వంతు. అదియును సామాన్య కుటుంబమునకు భారమే. ఐనను ద్వారము తెరచుకొన్నది.

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ‘రోగనిరోధక శక్తిని పెంచును’ అని ప్రకటనలు చేసి అమ్ము లేహ్యములు, చూర్ణములు, పానకములు ఏవియు కాన్సరును నయము చేసినట్లు ఋజువు లేదు. కొరత బలములో లేదు. గుర్తింపులోను, బ్రేకులలోను ఉన్నది. వానిని నమ్మి ఆసుపత్రికి పోవుట నెలల తరబడి వాయిదా వేసినవారికి కలుగు నష్టము పూడ్చరానిది.

ఇది అంటువ్యాధి యగునా?

పై సంగతులు తెలిసినవారు ఈ ప్రశ్నకు తామే సమాధానము చెప్పగలరు. మచ్చు పెట్టు పళ్ళెరములు మనిషి మనిషికి వేరు. పరాయివాని చర్మము అతికించినను, మూత్రపిండ మమర్చినను శరీరము తిరస్కరించుట కిదియే హేతువు. ఒకరి కాన్సరు కణము ఏ విధముగానో మరియొకరి శరీరమున ప్రవేశించినను, అది పరాయి పళ్ళెరములతో వచ్చిన పరాయి కణము, ఇంటిదొంగ కాదు. కావలివారు దానిని వెంటనే పట్టుకొందురు. రక్షణశక్తిని మందులతో అణచిన అవయవమార్పిడి వంటి మిక్కిలి అరుదైన సందర్భములు తప్ప, మనుష్యునినుండి మనుష్యునికి కాన్సరు వ్యాపింపదు. ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా ద్వీపములో డెవిల్ అను జంతువులకు ఒకదానినొకటి కరచుకొనుటవలన వ్యాపించు ముఖపు కాన్సరు 1996లో కనబడినది. ఆ కణములు మచ్చు పళ్ళెరములను దాచివేయుటచేతనే అది సాధ్యమైనది. అట్టి ఉదాహరణలు జంతులోకములోను వ్రేళ్ళమీద లెక్కింపదగినవే.

కాన్సరునకు కారణమగు కొన్ని వైరస్లు మాత్రము వ్యాపించును. వానికి టీకాలు గలవు. కాలేయ కాన్సరునకు ఒక ముఖ్యకారణమైన హెపటైటిస్-బి వైరస్సునకు శిశువులకు పుట్టగానే టీకా వేయుచున్నారు. తైవానులో 1984లో దీనిని ఆరంభింపగా, పిల్లలలో కాలేయ కాన్సరు తగ్గినదని 1997లో వెల్లడియైనది. గర్భాశయ ముఖద్వారపు కాన్సరులు దాదాపు అన్నింటికిని పాపిలోమా వైరస్సే కారణము. 9 మొదలు 14 సంవత్సరముల బాలికలకు ఈ టీకా వేయించుట శ్రేయస్కరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా యిచ్చుచున్నది. పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూటు తయారుచేసిన స్వదేశీ టీకాకు 2022లో అనుమతి లభించినది. మన పాఠశాలలోని పెద్దబాలికల తలిదండ్రులు ఈ విషయమును తమ వైద్యునితో తప్పక సంప్రదింపవలెను. ఈ వైరస్లు ఏవియు ప్రక్కన కూర్చుండి భోజనము చేయుటవలన సోకునవి కావు.

చివరకు ఒక విశేషము. కాన్సరు చికిత్సలో వాడు తీక్ష్ణమైన మందులవలన రోగి తెల్లకణములు తాత్కాలికముగా తగ్గిపోవును. ఆ సమయమున మనలోని సామాన్యమైన జలుబు, దగ్గు వారికి ప్రాణాపాయము కలిగింపవచ్చును. అనగా వారివలన మనకు భయము లేదు. మనవలననే వారికి భయము. వారికి దూరముగా నుండవలసిన దినము ఒక్కటే, మనకు జలుబు చేసిన దినము. తక్కిన దినములన్నిటను వారి యింటికి వెళ్ళుట, వారి పిల్లల ప్రక్కన కూర్చుండి, ఆ డబ్బాలోని కూర పంచుకొని తినుట మన ధర్మము.